తూర్పు తలుపు ఇల్లు

మా అంబుహిమేన కొండ మీద ఒక పాడుబడ్డ ఇల్లుంది. పొద్దు వాలాక దాని పక్కనుంచి పోయేవాణ్ణి మేం ధైర్యవంతుడనం. బతుకు మీద ఆశ వదులుకున్నాడంటాం.

ఊరికి తూర్పు అంచున, అందరిళ్ళకీ ఎడంగా ఉంటుంది. ఇంటికి తూర్పున ఆరడుగుల నేల. ఆ తర్వాత లోయ. మంచు పడ్డ రాత్రి అక్కడికి పోయినవాడికి ఒక ఆడగొంతు వినిపిస్తుంది... అరుపు కాదు, కేక కాదు. చెవి పక్కన నిలబడి చెప్పినట్టు ఒకే మాట.

"పడమటికి జరుగు, నాయనా."

జరిగినవాడు తెల్లారి లోయలో దొరుకుతాడు.

అలా ముగ్గురు పోయారు. పెళ్ళిలో తాగి వస్తున్న ఇటుకల మేస్త్రి ఒకడు. శాలువాలు అమ్ముకోడానికొచ్చిన పొరుగూరి మనిషి ఒకడు. మేక కోసం వెతుక్కుంటూ వెళ్ళిన ముసలమ్మ ఒకతె. నాలుగోవాడు రవేలు. చెట్టు కొమ్మ అడ్డుపడి, కాలొకటి విరిగి బతికాడు. అతను చెప్పబట్టే ఆ గొంతు ఏమంటుందో మాకు తెలిసింది.

"తలుపు చేతికి తగిలింది, హమ్మయ్య బతికాననుకున్నా," అంటాడు రవేలు, ఎవరడిగినా. "పడమటికి జరుగు అంది. జరిగా. అంతే, కాలి కింద నేల లేదు."

ఇక్కడో సంగతి చెప్పాలి. మావాళ్ళకి కుడీ ఎడమలతో పని లేదు. అన్నం దగ్గర కూచున్నా 'ఉప్పు కాస్త ఉత్తరానికి జరుపు' అంటాం. పిల్లాడి మూతి తుడవమనాలన్నా 'నీ దక్షిణం బుగ్గ మీద మెతుకుందిరా' అంటాం. దిక్కు తప్పామా, తడుముకోడానికి ఇళ్ళున్నాయి. తలుపు ఎటుందో అది పడమర. తాతల నాటి నుంచీ అదే కట్టు. కళ్ళు పొడిచే మంచులో కూడా తలుపు చేతికి తగిలితే చాలు, దానికి వీపు ఆనించి నిలబడితే ముక్కు పడమటికి ఉన్నట్టే. అడుగులు నేర్చిన పిల్లకి మేం మొదట నేర్పేది ఇదే.

ఇక బకులి మాట.

బకులి మా పైఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి తిప్పి చూపిస్తుంది. గంట నడక. కింద రాతిమెట్ల దగ్గర మొదలు, రాతి గుడి, పాత బడి, సమాధుల దిబ్బ, ఆఖరున ఈ ఇల్లు. మొగుడు నీలాల గనుల్లో పనికని దక్షిణానికి పోయి మూడేళ్ళయింది. మనిషీ లేడు, కబురూ లేదు. దానికి మిగిలింది ఆరేళ్ళ ఫీతియా ఒక్కతే. ఆ పిల్లని చూసుకునే అది పొద్దున్నే లేస్తుందని ఊరందరికీ తెలుసు.

ఫీతియా తల్లి చెంగు పట్టుకుని రోజూ నడకకి పోయేది. ఆఖరి మజిలీ దగ్గర దాని వేడుక చూడాలి. బకులి పాడుబడ్డ ఇంటికి కాస్త దూరంలో చప్టా మీద జనాన్ని నిలబెట్టి మొదలెడుతుంది.

"అయ్యగారూ, అమ్మగారూ, ఊరంతా తిరిగారు కదా, ఏ ఇల్లు చూసినా తలుపు పడమటికే. పొద్దు వాలే వైపు తలుపు, పొద్దు పొడిచే మూల పెద్దలకి. మాకు అదే కట్టు. కానీ..."

అని ఆగుతుంది. అప్పుడు ఫీతియా ముందుకొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని,

"తూర్పుకి తలుపున్న ఇల్లు ఊళ్ళో ఇదొక్కటే!"

జనం నవ్వుతారు. పిల్ల తల్లి వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది. ఆ తర్వాత బకులి గొంతు తగ్గించి మిగతాది చెబుతుంది. ఈ ఇంటాయన పెద్దల మాట కాదని పడమటి తలుపు ఇటుకలతో మూయించి తూర్పుకి కొత్త తలుపు పెట్టించాడు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆయన భార్య రనూరు మంచురాత్రి లోయలో పడి పోయింది. అప్పట్నుంచీ దెయ్యమై, తనకి తోడు కావాలని మనుషుల్ని లోయలోకి పిలుస్తుంది. ఇదీ కథ. కొంతమంది ఆడవాళ్ళు మొగుళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకునేవాళ్ళు. బకులికి అది చూసి లోపల సరదా.

ఆ రోజు చలికాలం. రాజధాని నుంచి మొగుడూ పెళ్ళాం వచ్చారు. సమాధుల దిబ్బ దగ్గర, ఏం బుద్ధి పుట్టిందో, ఫీతియా వేలు చాచి చూపించింది. "అదిగో, ఆ పెద్దది మా తాతయ్యది!"

పోయినవాళ్ళ వైపు వేలు చాచకూడదు. ముడిచి చూపాలి. బకులి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? చచ్చిపోయినవాళ్ళ కళ్ళల్లో వేలు పెడతావా?"

దెబ్బ పెద్దది కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు పడింది, అదీ పిల్ల బాధ. ఫీతియా ఏడవలేదు. మూతి ముడుచుకుంది. పాడుబడ్డ ఇంటి దగ్గర బకులి "కానీ..." అని ఆగితే, పిల్ల రాయి మీద కూచుని అటు తిరిగింది. బకులి రెండోసారి "కానీ..." అంది. పిల్ల పలకలేదు. ఆఖరికి ఆ మాట బకులే చెప్పుకుంది.

రనూరు కథ సగంలో ఉండగా లోయలోంచి మంచు లేచింది. రాజధానమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది.

"చాలమ్మా, ఇక చాలు. కారు దాకా దిగబెట్టు."

"ఏం భయం లేదమ్మా, నేనున్నాగా."

"నువ్వుంటావమ్మా, మాకు దారి కనబడాలిగా!"

బకులి వాళ్ళిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని మెట్లు దింపింది. అలిగినప్పుడల్లా ఫీతియా తిన్నగా పొరుగింటి లలావత్త దగ్గరికి పరిగెత్తి పొంగడాలు తింటూ కూచుంటుంది. ఈపాటికి అక్కడే ఉండుంటుందనుకుంది. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆ ఒక్క చూపు చూసుంటే ఈ కథే లేదు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. లలావత్త పొయ్యి ముందు కూచుని అడుగంటిన అన్నంలో నీళ్ళు పోసి కాస్తోంది.

"ఏదే పిల్ల?" అంది లలావత్త.

బకులికి ముందు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఇక్కడ లేదా?"

"ఇక్కడికెందుకొస్తుంది? నీతో వచ్చిందిగా!"

బకులి పై ప్రాణాలు పైనే పోయాయి. గుమ్మం పట్టుకుని నిలబడింది. తను కొట్టిన చోటు గుర్తొచ్చింది, చిన్న చెయ్యి, చల్లగా ఉండింది. 'కొట్టాను. కొట్టి వదిలేసి వచ్చాను.' ఇంకేమీ తలలోకి రావటం లేదు.

లలావత్త మొగుడే రవేలు. మూల కూచుని విరిగిన కాలికి నూనె రాసుకుంటున్నవాడు లేచి టార్చి తెచ్చిచ్చాడు. కబురు ఊరంతా పాకినా మిగతావాళ్ళెవరూ కదల్లేదు. ఊరి మగాళ్ళ సంగతి నేను చెప్పకూడదు గానీ, పగలు లోయలో గడ్డి కోసుకునేవాళ్ళకి కూడా ఆ రాత్రి కాళ్ళ నొప్పులొచ్చాయి.

"నీ వెనకే వద్దునమ్మా, ఈ కాలుతో నేనొస్తే నన్ను మొయ్యడమే నీకు పనవుతుంది," అన్నాడు రవేలు. గొంతు బాగా తగ్గించాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ గొంతు ఏం చెబితే అది చెయ్యకు. ఏడ్చినా, బతిమాలినా చెయ్యకు."

"పిల్ల చిన్నది బాబాయ్. దానికేం తెలుసు? చెయ్యమంటే చేసేస్తుంది."

రవేలు కుంటుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర దీపం ఎత్తి పట్టాడు.

బకులి పరిగెత్తింది. సమాధుల దిబ్బ దాటేదాకా ఇళ్ళ దీపాలు మసకగానైనా కనబడ్డాయి. ఆ తర్వాత అవీ లేవు. టార్చి వేస్తే మంచు తెల్లగోడలా ఎదురు నిలబడింది. ఆర్పితే నలుపు. చెయ్యి చాస్తే చేతి వేళ్ళు కనబడవు.

"ఫీతియా... ఓ ఫీతియా..."

తన గొంతు తనకే దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంది.

ఇంటి గోడ చేతికి తగిలింది. గోడ పట్టుకుని నడిచింది. ఒక మూల తిరిగింది. ఇంకో మూల తిరిగింది. పిలిచింది. రాయి తగిలి బోర్లా పడింది. టార్చి చేతిలోంచి జారి, రెండుసార్లు దొర్లి, ఆరిపోయింది. నేలంతా తడిమినా దొరకలేదు. లేచింది గానీ ఎటు తిరిగి లేచిందో తెలీదు. మళ్ళీ గోడ. మళ్ళీ మూల. ఎన్ని మూలలు తిరిగిందో లెక్క తప్పింది.

అప్పుడు తలుపు తగిలింది.

పాత చెక్క తలుపు. ఎవరూ లోపలికి పోకుండా అడ్డంగా పట్టెలు కొట్టేసి ఉంది. తోసింది, కదల్లేదు. 'ఇందులోకి పిల్ల ఎలా దూరుతుంది' అనుకుంది. వెంటనే తలుపుకి వీపు ఆనించి నిలబడింది. నలభయ్యేళ్ళుగా ఒంటికి అలవాటైన పని అది, ఆలోచించి చేసింది కాదు. ముక్కు పడమటికి. ఎదురుగా ఊరు. లోయ ఎక్కడో ఇంటి వెనక.

ఒళ్ళు కాస్త కుదుటపడింది... అప్పుడు వినబడింది.

"పడమటికి జరుగు, తల్లీ."

చెవి పక్కనే. వెచ్చగా కాదు, చల్లగా కాదు. ముసలి గొంతు.

రోజూ తను కథగా చెప్పే గొంతు. నవ్వించడానికి, భయపెట్టడానికి తను వాడుకున్న గొంతు.

"నా పిల్ల ఏది?" అంది బకులి. "నా పిల్లని ఏం చేశావు?"

"పడమటికి జరుగు, తల్లీ... జరుగు..."

"వేలు చాచింది పిల్ల. తెలీక చాచింది. కావాలంటే నా వేళ్ళు విరుచుకో. దాన్ని వదిలిపెట్టు."

మంచు మొహానికి తడిగా తగులుతోంది. బకులి చెవులు రిక్కించింది. చిన్న ఏడుపు... చిన్న దగ్గు... ఏదైనా. ఏమీ లేదు.

అప్పుడు దానికి ఒక ఆలోచన వచ్చింది, పిచ్చిది. ఎంత అలిగినా, జ్వరంతో పడుకున్నా, నిద్రలో ఉన్నా, ఆ ఆఖరి మాట అనకుండా ఫీతియా ఉండలేదు. ఇవాళ ఒక్కరోజే అనలేదు. చీకట్లో ఎక్కడో మూతి ముడుచుకుని కూచునుంటే...

బకులి గొంతు సవరించుకుంది. ఎదురుగా మనిషి లేడు. ఏడుస్తూ మొదలెట్టింది.

"అయ్యగారూ, అమ్మగారూ... ఊరంతా తిరిగారు కదా... ఏ ఇల్లు చూసినా తలుపు పడమటికే. పొద్దు వాలే వైపు తలుపు... పొద్దు పొడిచే మూల పెద్దలకి. మాకు అదే కట్టు. కానీ..."

ఆగింది.

ఎంతసేపు ఆగిందో దానికే తెలీదు. లోయలోంచి గాలి వచ్చి పోయింది.

పలకలేదు. అంటే లేదు. గొంతు పిలిచింది, పిల్ల జరిగింది, పోయింది. ఆరేళ్ళ పిల్ల ఆ చీకట్లో ఒక్కతే ఎలా ఉంటుంది? ఎవరు ఎత్తుకుంటారు? బకులి కన్నీళ్ళు తుడుచుకుంది. రవేలు మాట గుర్తుంది దానికి, గుర్తుండే తెగించింది. పిల్ల ఎటు పోతే నేనూ అటే అనుకుంది.

"సరే," అంది. "జరుగుతున్నా."

పాదం ముందు పాదం పెడుతూ ఒక అడుగు ముందుకేసింది. రెండు. మూడు. నాలుగు. అయిదో అడుగుకి కాలెత్తింది...

వెనక నుంచి, తలుపు లోపలి నుంచి, సన్నటి గొంతు.

"తూర్పుకి తలుపున్న ఇల్లు ఊళ్ళో ఇదొక్కటే."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

తూర్పుకి. ఈ తలుపు తూర్పుకి. తన వీపు ఆనింది ఏ తలుపుకి? తన ముక్కు ఉన్నది ఎటు? రోజూ నోటితో చెప్పిన మాట, ఈ పొద్దు వరకూ ఒంట్లోకి ఎక్కలేదు. మోకాళ్ళ మీద కూలబడి చెయ్యి ముందుకి చాచి తడిమింది. మూరెడు గడ్డి తగిలింది. ఆ తర్వాత చేతికి ఏమీ తగల్లేదు. ఒక రాయి కదిలి జారింది. చప్పుడు కోసం చూసింది. చాలాసేపటికి ఎక్కడో కింద 'టక్' మంది.

వెనక్కి తిరిగి తలుపు దాకా పాకింది. పట్టెలు చేత్తో పట్టి లాగింది. గోళ్ళు లేచిపోయాయి. అడుగున ఒక పట్టె ఎప్పుడో ఊడి ఉంది, పిల్ల దూరేంత సందు. రెండో పట్టె విరిగింది. బకులి బోర్లా పడుకుని లోపలికి దూరింది.

నేల మీద చేతులతో వెతుక్కుంటూ పోయింది. అవతలి గోడ, ఇటుకలతో మూసేసిన పాత పడమటి తలుపు చేతికి తగిలింది. దాని కింద, ముడుచుకుని, వెచ్చగా... ఫీతియా.

ఊపిరి ఆడుతోంది. బకులి పిల్లని గుండెకి అదుముకుని గట్టిగా ఏడ్చేసింది. పిల్ల కళ్ళు తెరవలేదు. మెడ చుట్టూ చేతులేసి మళ్ళీ బరువుగా వాలిపోయింది. పాపం ఆ ఒక్క మాట అని మళ్ళీ నిద్రలోకి జారిపోయిందనుకుంది బకులి.

బయటికొచ్చాక గోడని వదల్లేదు. తలుపు తూర్పు అని మనసులో వందసార్లు అనుకుంటూ గోడ చుట్టూ తిరిగింది. వెనక ఆ ముసలి గొంతు "పడమటికి... పడమటికి జరుగు, తల్లీ" అంటూనే ఉంది. ఈసారి బకులి అది చెప్పినట్టే నడిచింది. సమాధుల దిబ్బ దాకా వినబడింది, ఆ తర్వాత ఇళ్ళ దీపాలు కనబడ్డాయి.

లలావత్త పిల్లని లాక్కుని పొయ్యి దగ్గర పడుకోబెట్టి దుప్పట్లు కప్పింది. బకులి తాగిన నీళ్ళు సగం ఒంటి మీదే పోసుకుంది. జరిగిందంతా చెప్పింది. తలుపు సంగతి చెప్పేసరికి రవేలు చేతిలో నూనెగిన్నె కింద పెట్టాడు.



"నేనూ వీపు ఆనించి నిలబడ్డా," అన్నాడు. "పడమటికి జరగమంది. తిన్నగా ముందుకి నడిచా."

"మేస్త్రీ అలాగే పోయుంటాడు," అంది లలావత్త.

"రనూరు కూడా అలాగే పోయుంటుంది. పుట్టినప్పట్నుంచీ పడమటి తలుపు దాటిన మనిషి. కొత్త తలుపు పెట్టి నాలుగు రోజులు. మంచులో బయటికొచ్చింది, ఊళ్ళోకి అనుకుని నడిచింది." రవేలు కళ్ళు తుడుచుకున్నాడు. "మనకి చెబుతూనే ఉంది. పడమటికి, పడమటికి అని. పద్నాలుగేళ్ళుగా పొద్దున్న లేచి ఈ కాలు కింద పెట్టినప్పుడల్లా దాన్ని బండబూతులు తిట్టాను."

బకులికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. తిట్టింది రవేలు ఇంట్లో కూచుని. తను ఆమె వాకిట్లో నిలబడి, ఊరూరి జనానికి, రోజూ చెప్పింది ఆమె దెయ్యమని, మనుషుల్ని మింగుతుందని. అన్నీ వినే ఉంటుంది.

తెల్లారగానే గుక్కెడు రమ్ము తీసుకెళ్ళి ఆ ఇంటి ఈశాన్యం మూల, పెద్దల చోట పోసి దణ్ణం పెట్టుకొస్తానన్నాడు రవేలు. తనూ వస్తానంది బకులి.

ఆ మాటలకి ఫీతియా కదిలింది. కళ్ళు నులుముకుని లేచి కూచుని చుట్టూ చూసింది.

"పొంగడాలున్నాయా అత్తా?"

లలావత్త నవ్వింది, ఏడ్చింది, రెండూ చేసింది. బకులి పిల్ల చెయ్యి తీసుకుని, కొట్టిన చోట ముద్దు పెట్టుకుంది.

"ఎందుకు దూరావే అందులోకి?"

"చలేసింది. నువ్వే కదమ్మా పడమటికి జరుగు, పడమటికి జరుగు అన్నావు. గోడ వచ్చేదాకా జరిగా."

పెద్దవాళ్ళు ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బకులి పిల్లని దగ్గరికి లాక్కుంది.

"పోన్లే. నా బంగారుతల్లీ, నువ్వు ఆ ఆఖరి మాట అనబట్టే అమ్మ బతికింది, తెలుసా?"

"ఏ మాట?"

"అదేనే. తూర్పుకి తలుపున్న ఇల్లు ఊళ్ళో ఇదొక్కటే అని. లోపల్నుంచి అన్నావుగా?"

ఫీతియా తల్లి వైపు చూసింది. మూతి మళ్ళీ ముడుచుకుంది.

"నేను నిద్రపోయాగా. అయినా నేనెందుకంటాను? నీ మీద అలిగానుగా."

లలావత్త లేచి పడమటి తలుపు గడియ వేసింది.